కీళ్లకూ హక్కుంది

నాలుగేళ్ల క్రితం ఒక చలికాలపు వేకువన, ఫజ్ర్ నమాజు కోసం వుజూ చేయడానికి లేచిన మా నాన్నగారు నీళ్ల తొట్టి పక్కనే కూలబడిపోయారు. కుడిచెయ్యి, కుడికాలు స్వాధీనం తప్పాయి. నోరు ఒక పక్కకు లాగింది. అప్పటికి ఆయన వయసు 74 ఏళ్లు. యాభై ఏళ్లకు పైగా దర్జీ పని చేసి, కత్తెర పట్టిన ఆ కుడిచేతితోనే మా ఐదుగురినీ పెంచి, నన్ను మదరసాకు పంపి చదివించిన మనిషి. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉంచి ఇంటికి తీసుకువచ్చాము. ప్రాణగండం గడిచింది, ఇక మనకు మిగిలింది సేవ చేసుకోవడమేనని అనుకున్నాము.

ఆ సేవ ఎలా చేశామో దాచకుండా చెబుతాను. ముందు గదిలో కిటికీ పక్కన మంచం వేశాము. మోకాళ్ల కింద మెత్తని దిండు పెట్టాము. పట్టుతప్పిన చేతిని పొట్ట మీదికి మడిచి దుప్పటి కప్పేవాళ్లం. నా భార్య అన్నం కలిపి ఇస్తే నేను తినిపించేవాణ్ణి. ఆయన ఎడమచేత్తో గ్లాసు అందుకోబోతే “మీరు ఉండండి అబ్బా, నేనున్నాను కదా” అని నేనే పెదవులకు అందించేవాణ్ణి. చేతిని కొంచెం కదిలించగానే ఆయన ముఖం ముడుచుకునేది. అది చూసి, ఇక ఎవరూ ఆ చేతిని ముట్టుకోవద్దని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పాను. పరామర్శకు వచ్చిన బంధువులు “కొడుకంటే ఇలా ఉండాలి” అన్నారు. ఆ మాట విని నేను లోలోపల సంతోషించాను.

ఏడు వారాలు గడిచాక, మదరసాలో నా దగ్గర చదివే ఒక విద్యార్థి తండ్రి, తనకు తెలిసిన ఒక యువ ఫిజియోథెరపిస్టును వెంటబెట్టుకుని వచ్చారు. ఆ అబ్బాయి నాన్నగారికి నమస్కారం పెట్టి, తాను ఏమి చేయబోతున్నాడో ముందుగా ఆయనకే వివరించి, కుడిచేతిని మోచేతి వద్ద, మణికట్టు వద్ద పట్టుకుని మెల్లగా ఎత్తాడు. భుజం మట్టానికి ఇంకా ఎంతో దూరంలో ఉండగానే నాన్నగారు “యా అల్లాహ్!” అని కేక పెట్టారు. తరువాత ఆ అబ్బాయి దుప్పటి తీసి పాదాన్ని చూశాడు. కాలివేళ్లు కిందికి వంగి, మడమ పైకి లాగుకుపోయి ఉంది. మోకాలు పూర్తిగా చాచుకోవడం లేదు.

కాసేపు మౌనంగా ఉండి ఆయన ఇలా అన్నాడు: “మౌల్వీ గారూ, ఏమీ అనుకోకండి. ఇందులో కొంత పక్షవాతం చేసింది. కొంత, కదపకపోవడం చేసింది.”

ఆ రాత్రి ఆస్పత్రివారు ఇచ్చిన కాగితాలు మళ్లీ తీసి చూశాను. మాత్రల పట్టిక కింద, చిట్టచివరి వరుసలో ఫిజియోథెరపీ చేయించాలని ఒక్క ముక్క రాసి ఉంది. దాని గురించి మాకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. అరబీ గ్రంథాల్లో ఒక్కొక్క పదానికి మూడు వ్యాఖ్యానాలు తిరగేసే నేను, ఆ ఒక్క ముక్కకు అర్థమేమిటని ఎవరినీ అడగలేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. మంచం పట్టిన మనిషి ఉన్న ఇంట్లో ఎవరైనా దీనిని చదివితే, మేము పోగొట్టుకున్న ఏడు వారాలు వారు పోగొట్టుకోకుండా ఉంటారని ఆశ.

కదలని కీలులో ఏమి జరుగుతుంది?

ఎముకల చివర్లను కప్పి ఉండే మృదులాస్థికి రక్తనాళాలు లేవు. దానికి పోషణ ప్రధానంగా కీలు లోపలి ద్రవం నుంచే అందుతుంది. కీలు వంగి చాచుకుంటున్నప్పుడు, బరువు పడి తొలగుతున్నప్పుడు ఆ ద్రవం మృదులాస్థిలోకి ఇంకుతూ, బయటికి వస్తూ ఉంటుంది. నీటిలో ముంచి పిండే స్పాంజిని తలచుకుంటే ఈ సంగతి సులువుగా బోధపడుతుంది. కదలిక ఆగితే ఆ రాకపోకలు మందగిస్తాయి.

కీలును చుట్టి ఉండే సంచి వంటి పొర, దాని మీదుగా సాగే కండరాలు, స్నాయువులు తాము ఏ నిడివిలో ఎక్కువ కాలం ఉంచబడితే ఆ నిడివికే అలవాటు పడతాయి. మడిచి ఉంచిన మోచేతి కండరం ఆ పొట్టి కొలతనే తన కొలతగా చేసుకుంటుంది. పొరలోని పోగులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి. పక్షవాతంలో మరొక చిక్కు కూడా ఉంది. మెదడు అదుపు తప్పిన కండరాలు మొదట్లో వదులుగా ఉన్నా, కొన్ని వారాల్లో చాలామందికి బిగుసుకోవడం మొదలవుతుంది. చెయ్యి లోపలికి ముడుచుకుంటుంది, పాదం కిందికి లాగుకుంటుంది. ఈ రెండూ కలిస్తే, కొంతకాలానికి కీలును ఎవరు కదిపినా కదలని స్థితి వస్తుంది. వైద్యులు దానిని కాంట్రాక్చర్ అంటారు. అది ముదిరిన తరువాత సరిచేయడం చాలా కష్టం. ఒక్కొక్కసారి శస్త్రచికిత్స కూడా అవసరపడుతుంది.

ప్రతి కీలుకూ అల్లాహ్ ఒక హద్దు నిర్ణయించాడు. ఆ హద్దును గోనియోమీటరు అనే పరికరంతో కొలుస్తారు. పిల్లల జామెట్రీ బాక్సులోని కోణమానినికి రెండు చేతులు తగిలించినట్లు ఉంటుంది అది. ఆరోగ్యవంతుడైన మనిషి చేతిని ముందు నుంచి తలపైకి దాదాపు 180 డిగ్రీలు ఎత్తగలడు. మోచెయ్యి సుమారు 150 డిగ్రీల దాకా వంగుతుంది. మోకాలు 135 డిగ్రీలు, అంతకు కొంచెం పైనా వంగుతుంది. చీలమండ వద్ద పాదం పైకి 20 డిగ్రీలు, కిందికి 50 డిగ్రీలు కదులుతుంది. రోజువారీ పనులకు ఈ మొత్తం అవసరం లేదు. తినడానికి, ముఖం కడుక్కోవడానికి, తల దువ్వుకోవడానికి మోచెయ్యి 30 నుంచి 130 డిగ్రీల మధ్య కదిలితే చాలా వరకు సరిపోతుంది. కాని చీలమండ సంగతి వేరు. పాదం పైకి పది డిగ్రీలైనా రాకపోతే నడక కుంటుపడుతుంది, వేళ్లు నేలకు తగిలి మనిషి తూలిపడతాడు. ఆరోజు నాన్నగారి పాదం తిన్నగా నిలబడే స్థితికి కూడా రాలేదు. ఆయన భుజం 60 డిగ్రీల వద్ద ఆగిపోయింది.

విశ్రాంతి అనే పాత నమ్మకం

“రోగిని కదపకూడదు” అనే మాట మన ఇళ్లలో మాత్రమే పుట్టలేదు. ఒకప్పుడు వైద్యులు కూడా దానినే గట్టిగా నమ్మారు. ఇంగ్లండులో జాన్ హిల్టన్ అనే శస్త్రవైద్యుడు విశ్రాంతి వల్ల గాయాలు, కీళ్లు ఎలా నయమవుతాయో వివరించిన ఉపన్యాసాలు 1863లో పుస్తకంగా వచ్చాయి. అవి ఎన్నో తరాల వైద్యులకు పాఠ్యమయ్యాయి. విరిగిన ఎముకకు, మండుతున్న కీలుకు విశ్రాంతి కావలసిందే. ఆ మేరకు హిల్టన్ మాట సరైనదే. అయితే ఆ సూత్రాన్ని ప్రతి రోగికీ, ప్రతి మంచానికీ వర్తింపజేయడం వల్ల అనర్థం జరిగింది.

పోలియో రోజుల్లో పిల్లల కాళ్లను నెలల తరబడి పిండికట్లలో, చెక్కబద్దలలో బిగించి ఉంచేవారు. ఆస్ట్రేలియాకు చెందిన ఎలిజబెత్ కెన్నీ అనే నర్సు దానికి ఎదురు తిరిగింది. ఆమె ఆ బద్దలు తీసేసి, వేడినీటిలో ముంచి పిండిన ఉన్నిగుడ్డలు చుట్టి, పిల్లల కాళ్లను చేతులతో కదిలించి, తిరిగి వాడుక నేర్పేది. వ్యాధికి ఆమె చెప్పిన కారణాలను వైద్యులు అంగీకరించలేదు. అయితే 1940లో అమెరికా వెళ్లాక, ఆమె పద్ధతిని అక్కడ అనేక ఆస్పత్రులు స్వీకరించాయి. 1947లో రిచర్డ్ ఆషర్ అనే లండన్ వైద్యుడు, బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మంచం పట్టడం వల్ల కలిగే ప్రమాదాల గురించి ఒక వ్యాసం రాశాడు. పడుకోబెట్టడమనే చికిత్స వల్ల ఊపిరితిత్తులకు, రక్తనాళాలకు, చర్మానికి, కండరాలకు, కీళ్లకు, చివరకు మనసుకు ఏమేమి నష్టాలు కలుగుతాయో అందులో ఒక్కొక్క అవయవాన్నీ తీసుకుని వివరించాడు.

నన్ను ఎక్కువగా కలచినది మాత్రం వైద్యగ్రంథం కాదు. ఆ వారం శుక్రవారం ఎప్పటిలాగే కహఫ్ సూరా పారాయణం చేస్తూ, గుహవాసుల ప్రస్తావన వద్దకు వచ్చాను. దీర్ఘనిద్రలో ఉన్న ఆ యువకులను అల్లాహ్ కుడివైపుకూ ఎడమవైపుకూ ఒత్తిగిలజేస్తూ ఉండేవాడని 18వ ఆయతులో ఉంది. నేల వారి దేహాలను తినివేయకుండా అలా జరిగిందని వ్యాఖ్యాతలు చెప్పారు. ఈ పాఠాన్ని నేను ఇరవై ఏళ్లకు పైగా విద్యార్థులకు చెబుతున్నాను. వారిని కదపకుండానే కాపాడగల శక్తి ఉన్న ప్రభువు వారిని ఒత్తిగిలజేశాడు. నేను మాత్రం నా తండ్రిని ఏడు వారాలు ఒకే భంగిమలో పడుకోబెట్టి, దానిని సేవ అనుకున్నాను. ముస్హఫ్ మూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

మూడు రకాల కదలిక

మరుసటి రోజు నుంచి ఆ అబ్బాయి వారానికి మూడుసార్లు వచ్చాడు. మిగతా రోజుల్లో ఏమి చేయాలో నాకూ, మా తమ్ముడికీ, మా పెద్దబ్బాయికీ నేర్పాడు. కీళ్ల కదలికలు మూడు రకాలు.

మొదటిది, రోగి ప్రమేయం లేకుండా మరొకరు కదిలించడం. స్పృహ సరిగా లేనివారికి, అవయవం బొత్తిగా స్వాధీనంలో లేనివారికి ఇది అవసరం. రెండవది, రోగి తాను చేయగలిగినంత చేస్తుంటే మిగిలినది మనం అందించడం. మూడవది, రోగి స్వయంగా చేయడం. మొదటి మెట్టు మీదనే ఆగిపోకుండా, రోగిని రెండో మెట్టుకు, మూడో మెట్టుకు చేర్చడమే చికిత్స లక్ష్యం. ఆయన చేయగలిగిన దానిని మనం చేసిపెడితే, కీలుకు దక్కవలసిన కదలికను మనమే లాక్కున్నట్లు అవుతుంది. గ్లాసు అందుకోబోయిన నాన్నగారి ఎడమచేతికి నేను చేసింది అదే.

ఇంట్లో చేసే విధానం

రోగిని సమంగా ఉన్న పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. మంచం ఎత్తుగా ఉంటే చేసేవారి నడుము పాడవదు. చేతులు వెచ్చగా ఉండాలి. ఏ కీలును కదిలిస్తున్నామో దానికి పైనా కిందా ఆసరా ఇవ్వాలి. కదలిక నెమ్మదిగా, కుదుపు లేకుండా సాగాలి. బిగువు తగిలిన చోట ఒక్క క్షణం ఆగి, వెనక్కు రావాలి. నొప్పి పుట్టేదాకా నెట్టకూడదు. రోగి చెప్పలేని స్థితిలో ఉంటే ఆయన కనుబొమలను చూస్తూ ఉండాలి. ఒక్కొక్క కదలికా ఐదు నుంచి పదిసార్లు, రోజుకు రెండుపూటలు చేయమని మాకు చెప్పాడు. ఉదయం ఒళ్లు తుడిచే సమయంలో ఒకసారి, ఇషాకు ముందు మరొకసారి చేసేవాళ్లం.

భుజం: ఒక చెయ్యి మోచేతి కింద, ఇంకొక చెయ్యి మణికట్టు వద్ద ఉంచి, రోగి బొటనవేలు పైకి ఉండేలా చేతిని ముందుకు ఎత్తాలి. పక్షవాతం వచ్చిన భుజాన్ని భుజమట్టం దాకా మాత్రమే ఎత్తాలి. అంతకు మించి ఎత్తాలంటే భుజపుటెముక కూడా దానితో పాటు తిరగాలి. ఆ పట్టును థెరపిస్టు దగ్గరుండి నేర్పాలి. తరువాత మోచేతిని పక్కకు ఆనించి, ముంజేతిని బయటివైపుకు తిప్పాలి. పక్షవాత రోగుల్లో త్వరగా బిగుసుకుపోయేది ఈ కదలికే.

మోచెయ్యి, ముంజెయ్యి: మోచేతిని వంచి పూర్తిగా చాచాలి. అరచేతిని ఒకసారి పైకి, ఒకసారి కిందికి తిప్పాలి.

మణికట్టు, వేళ్లు: మణికట్టును ముందుకు, వెనుకకు వంచాలి. పిడికిలి బిగుసుకుని ఉంటే వేళ్లను పట్టి లాగకూడదు. ముందు మణికట్టును కొంచెం లోపలికి వంచితే వేళ్లు వాటంతట అవే వదులవుతాయి. అప్పుడు బొటనవేలిని మొదలు దగ్గర పట్టుకుని బయటికి తీసి, మిగతా వేళ్లను ఒక్కొక్కటిగా చాచాలి.

తుంటి, మోకాలు: ఒక చెయ్యి మోకాలి కింద, మరొకటి మడమ కింద ఉంచి, మోకాలిని ఛాతీ వైపుకు తీసుకువెళ్లి మళ్లీ పూర్తిగా చాచాలి. తరువాత కాలిని తిన్నగా ఉంచి పక్కకు జరిపి, తిరిగి మధ్యకు తేవాలి.

చీలమండ: అరచేతిలో మడమను పట్టుకుని, మన ముంజేతిని ఆయన అరికాలికి ఆనించి, మోకాలు తిన్నగా ఉంచి, మన ఒంటిబరువుతో మెల్లగా ముందుకు వంగాలి. పాదం ముందుభాగాన్ని మాత్రమే పట్టి నెట్టకూడదు. ఆ సాగదీతలో 20, 30 సెకన్లు ఆగి వదలాలి.

ఇవన్నీ కలిపి ఒక పూటకు ఇరవై నిమిషాలు పడుతుంది. మిగతా గంటల్లో రోగిని ఎలా ఉంచుతున్నామన్నది కూడా అంతే ముఖ్యం. మోకాళ్ల కింద ఎప్పుడూ దిండు ఉంచడం మేము చేసిన పెద్ద పొరపాటు. హాయిగా ఉన్నట్లు కనిపించినా, మోకాలు, తుంటి వంగిన స్థితిలోనే బిగుసుకుపోతాయి. బలహీనమైన చేతిని పొట్ట మీద మడిచి పెట్టకుండా, పక్కన దిండు మీద చాచి ఉంచాలి. బరువైన దుప్పటి కాలివేళ్లను కిందికి నొక్కకుండా చూడాలి. తనంతట తాను కదలలేనివారిని రెండు గంటలకు ఒకసారి ఒత్తిగిలజేయాలి. పడక పుండ్లు రాకుండా ఉండటానికి కూడా అది అవసరం.

ఎప్పుడు చేయకూడదు?

ఇది నాబోటివాడు చదివి, చూసి నేర్చుకున్న సంగతి. మీ రోగికి ఏది తగినదో వైద్యుడు, థెరపిస్టు చెప్పాలి. ముఖ్యంగా ఈ జాగ్రత్తలు మరవకూడదు. అతుకుపడని ఎముక ఉన్నచోట, కొత్తగా ఆపరేషన్ అయినచోట అనుమతి లేకుండా కదపకూడదు. తుంటికీలు మార్పిడి జరిగినవారికి, ఆపరేషన్ చేసిన విధానాన్ని బట్టి, తుంటిని 90 డిగ్రీలు దాటి వంచకూడదని, కాలు మీద కాలు వేయకూడదని వైద్యులు హద్దులు పెడతారు. పిక్క ఒక్కసారిగా వాచి, వేడెక్కి, నొప్పి పెడితే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అప్పుడు మర్దన కానీ వ్యాయామం కానీ చేయక వెంటనే వైద్యుణ్ణి చూడాలి. కీలు ఎర్రగా మండుతున్నప్పుడు, మధ్యలో ఆయాసమో ఛాతీ నొప్పో వచ్చినప్పుడు ఆపివేయాలి.

పక్షవాతం వచ్చిన చేతిని పట్టుకుని మనిషిని పైకి లేపడం, చంకల కింద చేతులు వేసి ఎత్తడం మన ఇళ్లలో రోజూ జరుగుతుంది. వదులైన భుజం దాని వల్ల గూటి నుంచి జారుతుంది. కప్పీ మీద తాడు వేసి, ఆరోగ్యంగా ఉన్న చేత్తో జబ్బుచేతిని తలపైకి లాగించడం కూడా భుజానికి హాని చేస్తుంది. బిగుసుకున్న కీలును బలవంతంగా విరిచినట్లు చాస్తే కండరం చిరుగుతుంది.

మా వీధిలో ఒక పెద్దాయన పావురం రక్తం పూయమని సలహా ఇచ్చారు. మరొకరు పసరు మందు కోసం మూడు వందల కిలోమీటర్లు తీసుకువెళ్లమన్నారు. రక్తం అపవిత్రమన్నది ఒక సంగతి. దానితో పక్షవాతం నయమవుతుందనడానికి ఏ ఆధారమూ లేకపోవడం మరొక సంగతి. యునానీ వైద్యంలో దల్క్, రియాజత్, అంటే మర్దన, వ్యాయామం, పూర్వం నుంచీ ఉన్నాయి. ఇబ్నె సీనా తన అల్ ఖానూన్ మొదటి భాగంలో వాటిని చర్చించారు. వాటి పేరు చెప్పుకుని, శిక్షణ లేనివారి చేతికి రోగిని అప్పగించడం మాత్రం తగదు.

దీనికి ఉన్న హద్దు

ఒక నిజం కూడా చెప్పాలి. మరొకరు చేతులతో సాగదీసినంత మాత్రాన కీళ్లు బిగుసుకోకుండా ఉంటాయన్న భరోసా లేదు. అనేక పరీక్షల ఫలితాలను కలిపి చూసిన కొక్రేన్ సమీక్ష 2017లో వెలువడింది. కొన్ని నెలల సాగదీత ఒక్కటే కీళ్ల కదలికను చెప్పుకోదగినంత పెంచదని అందులో తేలింది. అలాగని అతి తొందర కూడా మేలు కాదు. పక్షవాతం వచ్చిన 24 గంటల లోపే రోగులను ఎక్కువసార్లు లేపి నడిపించడం మీద ఐదు దేశాల్లో రెండు వేల మందికి పైగా రోగులతో జరిగిన పరీక్ష ఫలితాలు 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. అంత తీవ్రంగా చేయించినవారిలో మూడు నెలల తరువాత మంచి ఫలితం పొందినవారి శాతం, మామూలు పద్ధతిలో కోలుకున్నవారి కంటే తక్కువగా ఉంది.

వీటిని బట్టి నాకు అర్థమైనది ఇది. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎంత చేయాలో వైద్యుడు చెప్పాలి. మనం చేసే కదలిక తలుపు మూసుకుపోకుండా పట్టి ఉంచే చెయ్యి వంటిది. ఆ తలుపులోంచి నడవవలసింది రోగే. అంటే ఆ చేతికి, ఆ కాలికి మళ్లీ ఏదో ఒక పని దొరకాలి.

మా ఇంట్లో ఆ దారి కుట్టుమిషన్ చూపింది. నాన్నగారు కుర్చీలో కూర్చోగలిగాక, మూలన పడి ఉన్న ఆయన పాత తొక్కుడు మిషన్‌ను ఆ అబ్బాయి చూశాడు. సూది తీసేసి, పటకా విప్పి, ఆయన రెండు పాదాలనూ దాని పెడలు మీద పెట్టించాడు. మొదట ఎడమపాదమే తొక్కేది, కుడిపాదం దానితో పాటు ఊరికే ఊగేది. మడమ కిందికి దిగినప్పుడు వేళ్లు పైకి వచ్చేవి. మేము మంచం మీద శ్రమపడి చేసిన చీలమండ కదలికే అది. రెండు నెలల తరువాత ఒక సాయంత్రం ఆయన ఎడమపాదాన్ని పక్కకు తీసి, కుడిపాదంతోనే నాలుగుసార్లు తొక్కి నా వైపు చూశారు. ఆ చూపులో యాభై ఏళ్ల దర్జీ కనిపించాడు. మరో మూడు నెలలకు నాలుగుకాళ్ల ఊతకర్ర పట్టుకుని వాకిలి దాకా నడిచారు.

ఇంటివారి బాధ్యత

ఈ పని ఒక్కరి మీద పడకూడదు. మా ఇంట్లో మొదట అంతా నేనే చేస్తానని పట్టుబట్టాను. పది రోజులకే నడుము పట్టేసింది. తరువాత పూటలు పంచుకున్నాము. మగ్రిబ్ తరువాత మనవడు వేళ్ల వ్యాయామం చేయించేవాడు. తాతగారు ఎడమచేత్తో బొత్తాలు ఒక్కొక్కటే అతని అరచేతిలో పెట్టి, కుడిచేత్తో తిరిగి తీసుకునేవారు. రోగి స్త్రీ అయితే మహిళా థెరపిస్టు కోసం అడగండి. దొరకకపోతే, కుటుంబంలోని ఒక స్త్రీకి నేర్పించమని థెరపిస్టును కోరవచ్చు. పరదాను ఆటంకంగా చూపి అమ్మకో అత్తగారికో ఈ చికిత్సను దూరం చేయవద్దు. చికిత్స అవసరమైనచోట ధర్మంలో వెసులుబాటు ఉన్న సంగతి మనకు తెలియనిది కాదు. జిల్లా ప్రభుత్వాసుపత్రుల్లో, బోధనాసుపత్రుల్లో ఫిజియోథెరపీ విభాగాలు ఉంటాయి. ఇంటికి పిలిపించుకునే స్తోమత లేనివారు అక్కడికి వెళ్లి, చేసే విధానం నేర్చుకుని రావచ్చు.

మనిషిలో 360 కీళ్లు ఉన్నాయనీ, ప్రతి ఉదయం ఒక్కొక్క కీలు తరఫునా ఒక దానం చెల్లించవలసి ఉందనీ దైవప్రవక్త (సఅసం) బోధించినట్లు హదీసు గ్రంథాల్లో ఉంది. ఒకరిని అతని వాహనం మీద ఎక్కడానికి పట్టి లేపడం కూడా ఆ దానాల్లో ఒకటిగా చెప్పబడింది. తన కీళ్లను తాను కదపలేని మనిషికి మన కీళ్లను అరువిచ్చి కదిపించడాన్ని ఆ కోవలోనిదిగానే నేను భావిస్తున్నాను.

నిలబడలేనివారు కూర్చుని, అదీ చేతకానివారు పడుకుని నమాజు చేయవచ్చన్నది అందరికీ తెలిసిన వెసులుబాటే. నాన్నగారు మొదట పడుకుని, తరువాత కుర్చీలో కూర్చుని నమాజు చేశారు. తక్బీర్ కోసం ఎడమచెయ్యి చెవి తమ్మె దాకా లేచేది. కుడిచెయ్యి భుజం దాకా వచ్చి ఆగేది. చీలమండ తిరిగి వచ్చింది, మోకాలు వచ్చింది, వేళ్లు సగం వచ్చాయి. భుజం మాత్రం పూర్తిగా రాలేదు. ఆ ఏడు వారాలే దానికి పూర్తి కారణమని చెప్పలేనని ఆ అబ్బాయి నిజాయితీగా అన్నాడు. అయినా నమాజులో ఆయన పక్కన నిలబడిన ప్రతిసారీ ఆ చెయ్యి ఎక్కడ ఆగుతుందో నా కళ్లు చూసేవి. ఒకనాడు ఆయన అది గమనించి, సలాం తిప్పిన తరువాత, “పోనీలే బాబూ, అల్లాహ్‌కు అంతవరకూ చాలు” అన్నారు.

ఆయన క్రితం సంవత్సరం రమజానులో అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. చివరి వారం వరకూ తన గ్లాసు తానే ఎత్తుకుని తాగారు.

మీ ఇంట్లో అటువంటి మంచం ఒకటి ఉంటే, ఈరోజే ఆస్పత్రి కాగితాలు తీసి చివరి వరుస దాకా చదవండి. అర్థం కానిది అడగండి. ఆస్పత్రి నుంచి ఇంకా ఇంటికి రాకపోతే, వచ్చే ముందే థెరపిస్టును పిలిపించి, ఏ కీలును ఎంతవరకు కదపాలో మీ చేతులతో ఒకసారి చేసి చూపి, సరిచేయించుకోండి. రోగికి దప్పిక వేస్తే, గ్లాసును ఆయన చేతికి అందే దూరంలో పెట్టి, ఒక్క నిమిషం ఓపిక పట్టండి. అల్లాహ్ మన పెద్దలందరికీ స్వస్థతనూ, మనకు వారి సేవను తెలిసి చేసే భాగ్యాన్నీ ప్రసాదించుగాక. ఆమీన్.